పక్క ఊరివాళ్లు మన పార్కులో నడవకుండా ఉండాలంటే

(కొత్తగా గెలిచిన సర్పంచులకు, మున్సిపల్ చైర్‌పర్సన్లకు ఒక రిటైర్డ్ మున్సిపల్ మేనేజర్ సలహాలు)

గెలిచినందుకు అభినందనలు. మెడలో దండలు వాడకముందే మీ గుమ్మంలోకి ఒక ప్రమాదం వస్తుంది. తెల్ల బూట్లు వేసుకుని, చేతిలో వినతిపత్రం పట్టుకుని, వాకర్స్ అసోసియేషన్ పేరుతో వస్తుంది. "సార్, చెరువు కట్ట సగం మున్సిపాలిటీలో ఉంది, సగం పంచాయతీలో ఉంది. మీరూ వాళ్లూ కలిసి ఒక మంచి పార్కు చేయండి" అంటుంది. కూర్చోబెట్టి టీ ఇప్పించండి. కాగితం తీసుకోండి. "పరిశీలించవలెను" అని రాసి పొడి సంతకం పెట్టండి. అంతకుమించి ఒక్క మాట జారారో, మీ పదవీకాలంలోనే ఒక పార్కు ఏప్రిల్‌లో కూడా పచ్చగా ఉండిపోయే ముప్పు ఉంది. పైగా దాని మీద మీ ఒక్కరి పేరే ఉండదు.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చస్తుందని మన పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే ఈ రోజుల్లో అది దానంతట అది చావదు. అందుకు కొంత కృషి కావాలి. ఆ కృషి ఎలా చేయాలో ఉద్యోగం పొడవునా ఫైళ్ల వెనక కూర్చుని చూసినవాణ్ని కనుక చెబుతున్నాను.

ముందు హద్దు, తర్వాతే మొక్క

మనలాంటి ఊళ్ల చెరువుకు యజమానులకు కొదవ లేదు. కట్ట, తూము, మత్తడి నీటిపారుదల శాఖవి. చేపలు మత్స్యకారుల సొసైటీవి. నీళ్లు ఆయకట్టు రైతులవి. కట్ట మైసమ్మ అందరిదీ. ఈ కట్ట మీదికి తెల్లారి అయిదింటికి నడవడానికి వచ్చేవాళ్లు మాత్రం ఏ శాఖకూ చెందరు. టౌన్ వైపు నుంచి ఎక్కి, ఊరి వైపు చివరిదాకా పోయి, వెనక్కి తిరిగి వస్తారు. మధ్యలో ఒక గ్రామ పంచాయతీలోకి ప్రవేశించామన్న ఎరుక వాళ్ల ముఖాల్లో ఎక్కడా కనిపించదు. మొదట సరిచేయాల్సింది దీన్నే.

మండల సర్వేయర్‌ను పిలిపించండి. కట్ట మీద సరిగ్గా ఎక్కడ మున్సిపాలిటీ అయిపోతుందో గొలుసు పట్టించి రాయి పాతించండి. టౌన్ వైపు దీపాలు ఆ రాయి దాకానే వేయండి. పేవర్ బ్లాకులు కూడా అక్కడికే. సగం ఇటుక అటువైపు పోతుందంటే కోయించండి. కాలు మట్టిలో దిగబడిన చోట, చీకటి మొదలైన చోట పక్క పాలకవర్గం మొదలైందని నడిచేవాడికి అరికాలితో తెలియాలి. సర్పంచ్ గారూ, మీరు కూడా తక్కువ తినకండి. మీ వైపు దీపాలు వేసినప్పుడు రాయి దగ్గర ఒక స్తంభం వదిలేయండి. ఆ స్తంభం మీదా వాళ్లదా అన్న ప్రశ్న మీద మూడు మీటింగులు తేలిగ్గా నడుస్తాయి.

మొక్కల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. నాటినవాటిలో 85 శాతం బతకాలని 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టమూ చెప్పింది, 2019 మున్సిపాలిటీల చట్టమూ చెప్పింది. బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికే పెట్టాలని కూడా చెప్పాయి. రెండు చట్టాలకూ మొక్క అంటే ఒకటే ప్రేమ. అందుకని కొన్ని కానుగ, వేప మొక్కలను సరిగ్గా హద్దు మీద నాటించండి. బతికితే మీ లెక్కలో, ఎండితే వాళ్ల లెక్కలో. వాళ్లూ ఇదే సలహా చదివి ఉంటే ఒకే మొక్క రెండు రిజిస్టర్లలో బతికి ఉంటుంది. ట్రీగార్డులో మాత్రం ఉండదు.

రాజ్యాంగం గురించి ఎవరైనా ఎత్తితే భయపడొద్దు. పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీల పద్దెనిమిది పనుల్లో పార్కులు, తోటలు, ఆటస్థలాలు అని విడిగా రాశారు. పంచాయతీల కోసం రాసిన పదకొండో షెడ్యూల్‌లో ఇరవై తొమ్మిది పనులున్నాయి కానీ పార్కు అన్న మాటే లేదు. ఊళ్లో ఎలాగూ చెట్లుంటాయి, పిల్లలు ఎక్కడో ఒకచోట ఆడుకుంటారు అనుకున్నారేమో 1992లో. చైర్‌పర్సన్ గారూ, ఈ తేడాను లామినేషన్ చేయించి టేబుల్ అద్దం కింద పెట్టుకోండి.

అయితే అదే రాజ్యాంగంలో 243జెడ్‌డీ అని ఒక అధికరణం ఉంది. పంచాయతీలు, మున్సిపాలిటీల ప్రణాళికలు రెండూ కలిపి చూడటానికి జిల్లాకో ప్రణాళికా కమిటీ ఉండాలని, అందులో అయిదింట నాలుగొంతుల మంది ఎన్నికైనవాళ్లే ఉండాలని, ఇద్దరికీ పనికొచ్చే నీళ్లు, స్థలాలు, మౌలిక వసతుల సంగతి అది తేల్చాలని రాశారు. అంటే మన చెరువు కట్ట పంచాయితీ కోసమే రాసినట్టుంది. కంగారు పడకండి. మీ జిల్లాలో ఆ కమిటీ పేరు చివరిసారి ఎప్పుడు విన్నారో గుర్తు తెచ్చుకోండి. మనసు కుదుటపడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో తెచ్చిన పంచాయతీరాజ్ చట్టంలోనే పక్క స్థానిక సంస్థతో కలిసి ఉమ్మడి కమిటీ వేసుకునే వీలు పెట్టారు. ఆ పేజీ అంచు మడవకుండా అలాగే ఉంచండి. కొత్తగా ఉంటే పుస్తకానికి అందం.

శిలాఫలకం

ఇది అసలు అధ్యాయం. తొందరపడి చదవొద్దు.

పార్కు కట్టడానికి డబ్బు, స్థలం, ఒప్పందం కావాలని పుస్తకాలు చెబుతాయి. కావాల్సింది నాపరాయి, నల్ల రంగు, పేర్ల వరుస. రెండు స్థానిక సంస్థలు కలిసి పార్కు చేస్తే దాని మీద ఎవరి పేరు ముందుండాలి? మంత్రి, ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీల దాకా ప్రోటోకాల్ పుస్తకం చెబుతుంది. ఆ కిందికి దిగిన తర్వాత పుస్తకం గొంతు సన్నబడుతుంది. చైర్‌పర్సన్ ముందా, సర్పంచ్ ముందా? స్థలం ఎక్కువ ఎవరిదైతే వాళ్లదా, డబ్బు ఎక్కువ ఎవరిదైతే వాళ్లదా? వార్డు కౌన్సిలర్, వార్డు సభ్యుడు ఒకే వరుసలో ఉండొచ్చా? సర్పంచ్ గుర్తు పార్టీది కాదు, చైర్‌పర్సన్‌ది పార్టీ గుర్తు. ఇద్దరూ ఒక పార్టీ అనుకున్న రాత్రి పడుకుని లేచేసరికి కాకపోవచ్చు. ఇన్ని చిక్కులున్న రాయి ఒక్కటి చాలు, రెండెకరాల పార్కును ఆపడానికి.

కనుక ఉమ్మడి ప్రతిపాదన రాగానే డ్రాయింగ్ అడగొద్దు, ఎస్టిమేట్ అడగొద్దు. "రాయి మీద పేర్లు ఎలా వేద్దాం?" అని అడగండి. మాట మెత్తగా ఉండాలి. "అన్నా, మీరే ముందుండండి, మాకేం పట్టింపు లేదు, కానీ మా కౌన్సిలర్లు ఒప్పుకోవాలె కదా" అనండి. అవతలివారు "మాక్కూడా ఏం లేదు చైర్మన్ సాబ్, మా వార్డు సభ్యులు ఊకోరు" అంటారు. ఇద్దరూ నవ్వుకుంటారు, టీ తాగుతారు, విడిపోతారు. ఇంత మర్యాదగా ఆగిపోయిన పని ఇంకొకటి ఉండదు.

ఒకవేళ పై నుంచి ఒత్తిడి వచ్చి ఆపలేకపోతే, రెండు గేట్లు, రెండు ఆర్చీలు, రెండు శిలాఫలకాలు పెట్టించండి. శంకుస్థాపన విడివిడిగా, ఒకే ముహూర్తానికి, కట్టకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. ఎమ్మెల్యే ఏ చివర ముందు కొబ్బరికాయ కొడతారన్నది మీ ఇద్దరి భవిష్యత్ సంబంధాలను నిర్ణయిస్తుంది. రాయిని కట్టేటప్పుడు దాని పునాదికి వాడిన సిమెంటు, నడిచే బాట అంచుకు వాడే సిమెంటు కన్నా నాణ్యంగా ఉండేట్టు ఏఈ గారికి చెప్పండి. ఆయనకు చెప్పనక్కర్లేదు కూడా. ఊళ్లలో తిరిగి చూడండి. ఉయ్యాల గొలుసు తెగి ఉంటుంది, జారుడుబండ రేకు లేచి ఉంటుంది, రాయి మాత్రం నిటారుగా ఉంటుంది. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టినప్పుడు కూడా చాలాచోట్ల మొదట వచ్చిందీ, చివరిదాకా నిలబడిందీ బోర్డే.

ఇక్కడ ఒక రహస్యం. కట్టే డబ్బు కోసం కొట్లాట జరుగుతుందని బయటివాళ్లు అనుకుంటారు. కట్టడానికి ఎవరైనా ఇస్తారు. కట్టిన తర్వాత మొక్కకు నీళ్లు పోసేవాడి జీతం, మరుగుదొడ్డి కడిగేవాడి జీతం, పోయిన బల్బు, పగిలిన నల్లా, వీటిని ప్రారంభించడానికి ఏ మంత్రీ రాడు. నెలనెలా వచ్చే ఖర్చుకు శిలాఫలకం వేయరు. రెండు సంస్థలు కలిసి చేయాల్సిన పని అసలు అదే గనక, దాన్ని ప్రతిపాదనలో ఎక్కడా రానీయకండి. "నిర్వహణ: సంబంధిత శాఖ" అని రాయించండి. ఎవరికి సంబంధించిందో ఎవరూ అడగరు.

డబ్బుకు కూడా ఊరుంటుంది

పథకాలన్నిటికీ సరిహద్దులుండటం మన అదృష్టం. 2015లో వచ్చిన అమృత్ పథకంలో పార్కులకు 2.5 శాతం దాకా వాటా పెట్టారు, కానీ అది లక్ష జనాభా దాటిన పట్టణాలకు ప్రధానంగా ఉద్దేశించింది. ఆ డబ్బుతో పంచాయతీ వైపు ఒక్క బెంచీ వేసినా ఆడిట్‌వాళ్లు వచ్చి కూర్చుంటారు, బెంచీ మీద కాదు, మీ ఆఫీసులో. పల్లె ప్రకృతి వనాలు ఉపాధి హామీ కూలీలతో లేచాయి. ఆ కూలీలు హద్దురాయి దాటి టౌన్ వైపు ఒక్క గుంత తవ్వినా మస్టర్ రోల్ చెల్లదు. 15వ ఆర్థిక సంఘం 2021-26కు పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికి కట్టేసింది. మిగతా 40 శాతం మీ ఇష్టం అంది, అంటూనే జీతాలకు, కార్యాలయ ఖర్చులకు వాడొద్దంది. అంటే వాచ్‌మన్ గది కట్టొచ్చు, వాచ్‌మన్‌ను పెట్టడానికి వేరే జేబు వెతుక్కోవాలి. ఇలాంటి నిబంధనలు మన కోసమే రాసినట్టుంటాయి. వీటిని కంఠతా పట్టండి. ఎవరైనా యువ కమిషనర్ వచ్చి "రెండు సంస్థలూ సొంత పన్నుల నుంచి చెరికొంత వేసి ఒక ఉమ్మడి ఖాతా తెరుద్దాం" అంటే, అతన్ని బదిలీ చేయించే దాకా ఆ ఫైలును ఫైనాన్స్ సెక్షన్‌లో ఉంచండి.

ఉమ్మడి ఖాతా అన్నది అసలు కుదరదని వాదించేటప్పుడు గ్రంథాలయ సెస్సు సంగతి ఎత్తకుండా జాగ్రత్త పడండి. అది మన వాదనకు గండి కొడుతుంది. 1960 నాటి చట్టం ప్రకారం ఊరైనా పట్నమైనా స్థానిక సంస్థ ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున లైబ్రరీ సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయంలో ఏ ఊరివాడైనా పోయి పేపర్ చదువుకుంటాడు. ఆధార్ కార్డు చూపించి ఈనాడు అడిగినవాణ్ని నేను చూడలేదు. కలిసి డబ్బు వేసుకుని కలిసి వాడుకునే పద్ధతి మన దగ్గరే ఇన్నేళ్లుగా ఉందని తెలిస్తే వాకర్స్ అసోసియేషన్‌వాళ్లు పార్కుకు కూడా అదే అడుగుతారు. నివారణ కూడా ఆ చట్టం అమలులోనే ఉంది: సెస్సు వసూలు చేయండి, జమ చేయడం మర్చిపోండి. జిల్లాల్లో స్థానిక సంస్థల బకాయిల కోసం గ్రంథాలయ సంస్థలు లేఖలు రాస్తూనే ఉంటాయి. కలిసి పెట్టుకున్న దాన్ని నీరసింపజేసే అనుభవం మనకు పుష్కలంగా ఉంది.

విదేశాల ముచ్చట్లు మాట్లాడేవాళ్లనూ దగ్గరికి రానీయొద్దు. లండన్ ఈశాన్యాన లీ అనే నది లోయ ఉంది. 1966లో చట్టం చేసి సుమారు 26 మైళ్ల లోయను ఒకే పార్కు సంస్థ కింద పెట్టారు. లండన్ బరోలూ, పక్కనున్న ఎసెక్స్, హెర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీలూ దానికి ఏటా వాటా కడతాయి. ఆ లోయ మొహం చూడని పశ్చిమ లండన్ బరోలు కూడా కడతాయి, గొణుక్కుంటూ. గొణగడం ఒక్కటే మనవాళ్లు నేర్చుకోదగ్గ భాగం. ఇంకా వెనక్కి పోతే బోస్టన్ చుట్టుపక్కల పట్టణాలకు 1893లోనే ఉమ్మడి పార్కుల కమిషన్ వేశారు. కొండలు, నది ఒడ్లు, సముద్ర తీరం ఏ ఒక్క టౌన్‌కూ పూర్తిగా చెందవు కాబట్టి అన్నారట. అదేం కారణం? మన చెరువు కూడా ఏ ఒక్కరిదీ కాదు. మనం కమిషన్ వేసుకున్నామా?

గేటు దగ్గర

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా జనం వస్తారు. వాళ్లను వేరు చేయాలి.

బయటివారికి టిక్కెట్టు పెట్టడం ఒక మార్గం. అమెరికాలో ఉన్న మీ వాళ్లను అడగండి. చాలా సబర్బ్‌లలో క్రికెట్ గ్రౌండ్ బుక్ చేసుకోవాలన్నా, పిల్లల్ని ఈత తరగతిలో వేయాలన్నా ఆ టౌన్ వాసికి ఒక ధర, పక్క టౌన్ వాసికి ఇంకాస్త ఎక్కువ ధర. దాన్ని మనం తెచ్చుకోవచ్చు. కాకపోతే వాళ్లు తేడా డబ్బు తీసుకుని లోపలికి రానిస్తారు. కొన్నిచోట్ల పక్క టౌన్ తన వాటా కడితే ఆ తేడా కూడా ఎత్తేస్తారు. ఆ భాగం మనకొద్దు. మనం తెల్లారి అయిదింటికి గేటు దగ్గర ఆధార్ చూద్దాం. బీపీ ఉన్న పెద్దమనిషి కార్డు కోసం ఇంటికి వెళ్లి మళ్లీ వస్తే ఆయన నడక అక్కడే పూర్తవుతుంది. ఆరోగ్య రీత్యా నష్టం లేదు.

షటిల్ కోర్టు విషయం విడిగా చెప్పాలి. కోర్టులో ఇరవై మంది ఆడతారు, వాళ్లలో తహసీల్దార్ ఆఫీసువాళ్లు, లెక్చరర్లు, మెడికల్ షాపు యజమానులు ఉంటారు. వీళ్లకు ఏ ఊరి పౌరుడన్నది పట్టదు, ఎవరు బాగా ఆడతారన్నదే పడుతుంది. పోటీ పెట్టుకుని చందాలేసుకుని నెట్టు కొంటారు, బల్బులు మార్చుకుంటారు, చిన్న కమిటీ పెట్టుకుని నెలకింత అని పెట్టె నడుపుతారు. వీళ్లు చేస్తున్నది రెండు ప్రభుత్వాలు చేయలేమన్న పనే. గమనించారా? అందుకే కోర్టు తాళం వెంటనే స్వాధీనం చేసుకోవాలి. ఒక చెవి మున్సిపాలిటీలో, ఒకటి పంచాయతీలో ఉంచి, తాళాలు రెండు వేయండి. ఒకటి తీసినవాడికి రెండోది తీయించుకోవాలంటే పక్క ఆఫీసు పదిన్నరకు తెరిచేదాకా ఆగాలి. పదిన్నర ఎండలో షటిల్ ఎవరూ ఆడరు.

పిల్లల సంగతి ఇంకా తేలిక. మున్సిపాలిటీ నడిబొడ్డున జిల్లా పరిషత్ హైస్కూల్ ఉంటుంది. బడి జిల్లాది, స్థలం టౌన్‌లో, చదివే పిల్లల్లో సగం మంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. సాయంత్రం బడి వదిలాక ఆ గ్రౌండ్ ఖాళీగా ఉంటుంది, ప్రహరీ ఉంటుంది, బోరు ఉంటుంది, గోల్ పోస్టు కూడా ఉంటుంది. కొత్తగా రూపాయి పెట్టకుండా రెండు మూడు ఊళ్లకు ఆటస్థలం దొరికే ఏకైక చోటు ఇదే. కనుక దీన్ని అయిదింటికల్లా మూయించండి. గేటు మీది నుంచి దూకే పిల్లల మీద హెడ్‌మాస్టర్ గారు విసుక్కుంటారు. ఆయన తప్పు లేదు. దెబ్బ తగిలితే ఎవరు బాధ్యులో ఏ కాగితంలోనూ లేదు. మీరు ఆ కాగితం రాయనంతవరకు ఆయన గేటు తెరవరు. రాయకండి.

రెండు ప్రమాదకరమైన రాత్రులు

ఏడాదిలో రెండు రాత్రులు ఈ పుస్తకం పనిచేయదు. సద్దుల బతుకమ్మ ఒకటి, వినాయక నిమజ్జనం ఒకటి.

ఆ రోజు కట్ట మీద ఏం జరుగుతుందో చూడండి. కరెంటువాళ్లు హద్దురాయి దాటి ఈ చివర నుంచి ఆ చివర దాకా లైన్ లాగుతారు. మీటరు ఎవరి పేరున ఉందో ఎవరూ అడగరు. మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికులు పంచాయతీ వైపు మెట్లు కూడా కడుగుతారు. పంచాయతీ ట్రాక్టర్ టౌన్ వినాయకుల పత్రి, తడి కట్టెలు, ఇనుప చువ్వలు ఎత్తుకుపోతుంది. క్రేన్ అద్దె ముందు ఒకరు ఇస్తారు, తర్వాత లెక్క చూసుకుంటారు. మత్స్యకారుల సొసైటీ ఈతగాళ్లను ఇస్తుంది. పోలీసులు బారికేడ్లు పెడతారు. కమిషనర్, పంచాయతీ కార్యదర్శి ఒకే ప్లాస్టిక్ కుర్చీల వరుసలో కూర్చుని, అర్ధరాత్రి ఒకే కవర్‌లోంచి మిర్చి బజ్జీలు తింటారు. ఆడవాళ్లు ఆడుతుంటే ఏ బతుకమ్మ ఏ ఊరిదో పోల్చడం వల్ల కాదు.

తీర్మానం లేదు, ఎంఓయూ లేదు, ఎన్‌ఓసీ లేదు. కలెక్టరేట్‌లో ఒక సమన్వయ సమావేశం, ఫోన్ నంబర్ల జాబితా, ఎవరు ఏం తేవాలో ఒక కాగితం. ఇంతే. ఇంత చాలని జనానికి తెలిసిపోయే రాత్రి అది. అందుకే దీన్ని వెంటనే మరుగున పడేయాలి. మర్నాడు ఉదయం కల్లా బల్బులు విప్పించండి. ఆ కాగితాన్ని "పండుగ ఏర్పాట్లు" అన్న ఫైల్లో వేయించండి, "పార్కు" అన్న ఫైల్లోకి పొరపాటున కూడా రానీయకండి. ఎవరైనా పెద్దావిడ "ఆ రెండు రోజుల లెక్కనే రోజూ ఎందుకుండదు నాయనా?" అని అడిగితే, "అది పండుగ కదమ్మా" అని దండం పెట్టండి.

విలీనం అనే బ్రహ్మాస్త్రం

కలిసి పనిచేయడం కన్నా ఒకరిని ఒకరు మింగేయడం సులువని ప్రభుత్వాలకు ఎప్పుడో తెలిసింది. 2007 ఏప్రిల్ 16న 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను హైదరాబాద్ నగరపాలికలో కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. 2025 చివర్లో చుట్టూ ఉన్న మరో 27 పురపాలికలు దాంట్లో కలిశాయి. హద్దురాయి పీకేస్తే గొడవ పోతుందని లెక్క. గొడవ ఎక్కడికీ పోదు, ధైర్యంగా ఉండండి. హైదరాబాద్‌లోనే చూడండి. ఇందిరా పార్కు కార్పొరేషన్‌ది, సంజీవయ్య పార్కు, లుంబిని పార్కు హెచ్‌ఎండీఏవి, కేబీఆర్ పార్కు అటవీశాఖది, పబ్లిక్ గార్డెన్స్ ఉద్యానశాఖది. పక్కనే సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు, దానిది 2006 నాటి వేరే చట్టం, వేరే మంత్రిత్వ శాఖ. ఊరు ఒకటే అయినా తోటమాలులు అయిదుగురు ఉండొచ్చని నిరూపించిన నగరం అది. చివరికి చెరువులు, పార్కుల కబ్జాలు చూసుకోవడానికి ఔటర్ రింగ్ రోడ్డు లోపలంతా ఒకే సంస్థ ఉండాలని 2024లో హైడ్రాను పెట్టాల్సి వచ్చింది. మన జిల్లాకు అది ఇంకా రాలేదు. ఆ మాట నెమ్మదిగా అనండి.

మీ ఊరు టౌన్‌లో కలుస్తుందని జీవో వాసన తగలగానే చేయాల్సిన పని ఒకటుంది. లేఅవుట్లలో పదో వంతు ఖాళీ స్థలం పార్కుకు వదిలి స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వాలని నిబంధన. పంచాయతీ కాలంలో రాసిన డీడ్లు పంచాయతీ బీరువాలో ఉంటాయి. విలీనం రోజు బీరువా మున్సిపాలిటీకి చేరుతుంది, లోపలి కాగితాలు చేరాలన్న రూలు ఎక్కడా కనిపించదు. రెండేళ్ల తర్వాత ఆ పార్కు స్థలంలో మూడంతస్తుల బిల్డింగ్ లేస్తుంది. కొత్త కమిషనర్ "మా రికార్డుల్లో లేదు" అంటారు, నిజమే చెబుతారు. కాలనీవాళ్లలో కోర్టు పక్షులెవరైనా ఉంటే కాస్త భయం. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి ఇవ్వబోతే కాలనీవాళ్లు కేసు వేశారు, 1991లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. పార్కు కోసం చుట్టుపక్కల నివాసులే కోర్టుకెక్కవచ్చని దాంతో స్థిరపడింది. కాలనీ సంక్షేమ సంఘం ఎన్నికల్లో మీ మనిషినే అధ్యక్షుణ్ని చేసుకోవడం మేలు.

ఒప్పందం తప్పనిసరైతే

ఎంత చేసినా ఒక్కోసారి కలెక్టర్ గారు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి సంతకాలు పెట్టమంటారు. పెట్టండి. ఒప్పందం రాసేవాడు మీవాడైతే చాలు. ఏం రాయాలన్నది ముఖ్యం కాదు, ఏం వదిలేయాలన్నదే విద్య.

కరెంటు బిల్లు ఎవరు కడతారో రాయొద్దు. డిస్కం ఎలాగూ ఇద్దరి మీదా బకాయి చూపిస్తుంది. ఖర్చు పంచుకునే లెక్క జనాభాను బట్టా, స్థలాన్ని బట్టా, వాడేవాళ్లను బట్టా అన్నది రాయొద్దు. "సముచిత నిష్పత్తిలో" అనండి. ఎంత సముచితమో ఒక తరం తేల్చుకుంటుంది. తోటమాలి, వాచ్‌మన్ ఎవరి ఉద్యోగులో, వాళ్లు సెలవు పెడితే ఎవరు వస్తారో రాయొద్దు. నీళ్లలో పిల్లాడు జారిపడితే ఎవరి బాధ్యతో రాయొద్దు, ఓపెన్ జిమ్‌ను ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు నీటి మట్టం) హద్దుకు లోపలే పెట్టించి ఉంటారు కనుక ఆ ప్రశ్న వానాకాలంలో తప్పక వస్తుంది. మత్తడి దూకిన ఏడాది జిమ్ సామాన్లకు కూడా ఈత వస్తుందో లేదో తెలుస్తుంది. నీటిపారుదల శాఖను సంతకాల దాకా పిలవొద్దు, చివర్లో వాళ్లే వచ్చి అభ్యంతరం చెబుతారు, ఆ మాట మనం చెప్పనక్కర్లేదు. ఒప్పందం ఎన్నేళ్లో, ఒకరు తప్పుకుంటే బెంచీలు ఎవరివో, గొడవ వస్తే ఎవరు తీర్పు చెబుతారో, ఏడాదికోసారి కూర్చుని లెక్క చూసుకోవాలా వద్దా, ఇవేవీ రానీయొద్దు. బదులుగా "పరస్పర అవగాహనతో", "ఇరుపక్షాల సమ్మతి మేరకు", "ఎప్పటికప్పుడు నిర్ణయించిన విధంగా" అన్న మూడు మాటల్ని పేజీకి రెండుసార్లు చొప్పున చల్లండి. చదవడానికి స్నేహంగా ఉంటుంది, అమలు చేయడానికి పట్టు దొరకదు.

సంతకాలయ్యాక ఫోటో దిగండి. ఒప్పందం నకళ్లు రెండు తీయించొద్దు, ఒక్కటే తీయించండి. దాన్ని మున్సిపాలిటీలో, నెలలో ఇరవై రోజులు డెప్యుటేషన్ మీద ఉండే క్లర్కు బీరువాలో పెట్టించండి. బీరువా తాళం చెవి మాత్రం నమ్మకానికి గుర్తుగా పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి.